అనుమానాల ఓరెస్ట్ ప్రొజెక్టర్ అమ్మిన వైనం

కెనడాలోని సాస్కటూన్ ఊరు మొత్తం మీద తన మొగుడంత అనుమానం మనిషి ఇంకొకడు లేడని మార్లీన్ హలుష్కా నమ్మకం. ఓరెస్ట్ హలుష్కా అనుమానించకుండా ఒప్పుకున్న మాట బహుశా అదొక్కటే.

ఆయన తప్పేం లేదు. బీమా కంపెనీలో నష్టపరిహారాల తనిఖీ చేసి చేసి రిటైరైన మనిషి. ఇల్లు తగలబడి రోడ్డున పడ్డవాళ్లు ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే, ఆ కన్నీళ్లు అసలువా నకిలీవా అని చూసే ఉద్యోగం. ఉద్యోగం పోయింది గానీ చూపు పోలేదు. డబ్బాలో బిస్కెట్లు తగ్గితే చాలు, "నిన్న సాయంత్రం నువ్వెక్కడున్నావు?" అని పెళ్లాన్ని నిలదీసేవాడు.

"బిస్కెట్ల డబ్బా పక్కనే ఉన్నాను ఇన్‌స్పెక్టర్ గారూ. సంకెళ్లు వేసేలోగా టీ పెట్టుకోనిస్తారా?" అనేది ఆవిడ.

ఆ శరదృతువులో ఒకరోజు మార్లీన్ నేలమాళిగలోంచి పైకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కిందున్న ఆ ప్రొజెక్టర్ని అమ్మేస్తావా, నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా? నా కుట్టు బల్లకి చోటు కావాలి."

గోడంత బొమ్మలో హాకీ చూడాలని ముచ్చటపడి కొన్న ప్రొజెక్టర్ అది. రెండు శీతాకాలాలు హాకీ చూశాడు. మూడో శీతాకాలం నుంచి మార్లీన్ దాని మీద మేజోళ్లు ఆరేస్తోంది.

"అమ్మేస్తాను. కానీ అంతర్జాలం నిండా దొంగలే. నాలాంటివాడు కాబట్టి సరిపోయింది" అన్నాడు ఓరెస్ట్, యుద్ధానికి వెళ్లేవాడిలా చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఆయన ఉత్సాహానికి వేరే కారణం ఉంది. గడ్డకట్టిన సరస్సుకి కన్నం పెట్టి, ఆ కన్నం ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడమంటే ఓరెస్ట్‌కి ప్రాణం. చేపలకి మాత్రం ఆయనంటే అంత అభిమానం లేదు. మంచు కింద చేప ఎక్కడుందో తెర మీద చూపించే యంత్రం ఒకటి కొట్లో చూసి మనసు పారేసుకున్నాడు. మార్లీన్ ససేమిరా అంది.

"చేప ఎక్కడుందో కనుక్కోడానికి యంత్రం ఎందుకు? నేను చెప్తా. సూపర్ మార్కెట్లో, పాలసీసాల వెనక."

కాబట్టి ఓరెస్ట్ ఒక ఉపాయం పన్నాడు. ప్రొజెక్టర్ని నాలుగు వందల పాతిక డాలర్లకి అమ్మి, ఇంట్లో రెండు వందల యాభై అని చెప్తాడు. మిగతాది యంత్రానికి. వేరేవాళ్లు చేస్తే దీన్ని మోసం అంటారు. తను చేస్తే సర్దుబాటు.

ఫొటో తీసి ప్రకటన పెట్టాడో లేదో, ఒక ఓడ కెప్టెన్ తగిలాడు. తను నడిసముద్రంలో ఉన్నాడట. ఆరు వందలకి చెక్కు పంపుతాడట. ఎక్కువైన సొమ్ము, ప్రొజెక్టర్ కోసం వచ్చే తమ్ముడి చేతిలో పెట్టాలట. చెక్కు చెల్లదని తేలేలోగా తమ్ముడు, సొమ్ము, ప్రొజెక్టర్ మూడూ సముద్రం దాటుతాయి.

"నడిసముద్రంలో ప్రొజెక్టర్ ఎందుకు నాయనా, తిమింగలాలకి సినిమా వేస్తావా?" అని జవాబు రాసి, సైటు వాళ్లకి ఫిర్యాదు చేశాడు. ఆ పని మాత్రం నిజంగా మెచ్చుకోదగ్గదే. కాఫీ కొట్లో ఆయన నోట అది విననివాడు మిగల్లేదు. చెప్పిన ప్రతిసారీ ఓడ కాస్త పెద్దదయ్యేది.

ఇక ఆయనకి ఊపొచ్చింది. ఎవరో కుర్రాడు "ఇది పనిచేస్తుందా అండీ?" అని అడిగితే, "పనిచేస్తుందని తెలుసుకుని ఏం చేద్దామని?" అని ఎదురడిగాడు. ఇంకొకాయన్ని పై అధికారి ఫోన్ నంబరు ఇమ్మన్నాడు. ఆయన ఇవ్వలేదు. "చూశావా, జారుకున్నాడు!" అన్నాడు పెళ్లాంతో.

"జారుకోక? ప్రొజెక్టర్ అడిగితే సంబంధం మాట్లాడుతున్నట్టు కులగోత్రాలు అడిగావుగా."

చివరికి విల్హెల్మీనా థీసెన్ అనే ఆవిడ రాసింది. ఊరికి ఉత్తరాన, గంట ప్రయాణంలో ఉన్న పల్లెటూళ్లో లైబ్రరీ నడిపి రిటైరైంది. అక్కడి వృద్ధాశ్రమంలో వారానికో సినిమా వెయ్యడానికట. బేరం ఆడలేదు. ఓరెస్ట్‌కి అదే పెద్ద అనుమానం.

పోలీస్ స్టేషన్ ముందు, కార్లు ఆపేచోట కలుద్దామన్నాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కుని వెళ్లి, తన పేరు జాన్ అన్నాడు. ఆవిడిచ్చిన నోట్లు ఒక్కొక్కటే ఎండకి ఎత్తి పట్టుకుని, తిప్పి తిప్పి చూశాడు. లోపల్నుంచి ఒక కానిస్టేబుల్ బయటికొచ్చి విల్హెల్మీనా వైపు వంగి, "అమ్మా, ఈ మనిషి మిమ్మల్నేమైనా ఇబ్బంది పెడుతున్నాడా?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే మార్లీన్ చేతిలో రెండు వందల యాభై పెట్టి, "మార్కెట్ బాగా పడిపోయింది" అని నిట్టూర్చాడు. మర్నాడు చేపల యంత్రం గ్యారేజీలో పాత దుప్పట్ల కిందికి చేరింది.

నెల తిరగకముందే విల్హెల్మీనా నుంచి సందేశం వచ్చింది. "జాన్ గారూ, ప్రొజెక్టర్ కాసేపు ఆడి ఆగిపోతోంది. ఆశ్రమంలో వాళ్లు ఏ సినిమాకీ ముగింపు చూడలేదు. ఏమైనా కిటుకు ఉందా?"

ఓరెస్ట్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"దొరికింది! ఇదో రకం మోసం మార్లీన్! మంచి సరుకు కొంటారు, లోపలి సామాను పీకేసుకుంటారు, పాడైపోయిందని డబ్బు వెనక్కి అడుగుతారు!"

"డబ్బు అడిగిందా?"

"ఇంకా లేదు. అక్కడే ఉంది ఆవిడ తెలివంతా!"

వెంటనే జవాబు రాశాడు. ప్రొజెక్టర్ సీరియల్ నంబరు కనపడేలా, పక్కన ఆ రోజు పేపరు పెట్టి, ఆగిపోతుండగా వీడియో తీసి పంపమన్నాడు. ఆవిడ పాపం మారు మాటాడకుండా పంపింది. వీడియోలో ఆవిడ భర్త ఏబ్రమ్ గుండెల మీద పేపరు పట్టుకుని, దొంగలెత్తుకుపోయిన మనిషిలా బిక్కమొహంతో నిలబడ్డాడు. నంబరు సరిగ్గా ఉంది. ప్రొజెక్టర్ కూడా చెప్పినట్టే చక్కగా ఆగిపోయింది.

"ఇంత పద్ధతిగా రుజువులు పంపేవాళ్లు మామూలు మనుషులు కారు" అన్నాడు ఓరెస్ట్. "పెద్ద ముఠా అయుంటుంది."

"అవును. వృద్ధాశ్రమం ముఠా. చేతికర్రలతో బ్యాంకులు దోచుకుంటారు. ఆ ఫోన్ ఇటివ్వు" అంది మార్లీన్.

ఆయన అడ్డుపడేలోగానే విల్హెల్మీనాకి ఫోన్ కలిపేసింది. "నమస్కారమమ్మా, నేను ఓరెస్ట్ హలుష్కా భార్యని. అవును, మీకు ప్రొజెక్టర్ అమ్మినాయన. జానా? జాన్ ఎవరమ్మా?" అని మొగుడి వైపు ఓసారి చూసి, "ఆదివారం మీరిద్దరూ భోజనానికి రండి. అది కూడా తెచ్చుకోండి, కలిసి చూద్దాం" అని పెట్టేసింది.

ఓరెస్ట్‌కి భయం పట్టుకుంది. ముఠా వస్తుందని కాదు. భోజనాల దగ్గర ధర మాట వస్తుందని.

"మోసగాళ్లకి ఇల్లు చూపిస్తారటే ఎవరైనా?"

"ఇల్లు చూపిస్తే ఏం పట్టుకుపోతారు? నిన్నా? భోజనం పొట్లం కట్టి మరీ పంపిస్తా."

శనివారం మార్లీన్ బంగాళదుంప కూరి, కజ్జికాయల్లాంటి పెరోగీలు చుడుతూ వంటింట్లో ఉండగా, ఓరెస్ట్ గ్యారేజీలో దూరి గొంతు తగ్గించి ఫోన్ చేశాడు.

"థీసెన్ గారూ, నేను... ప్రొజెక్టర్."

"ప్రొజెక్టరే మాట్లాడుతోందా?"

"అదే, అమ్మినవాణ్ణి. ఓ చిన్న సాయం. రేపు ధర మాట వస్తే రెండు వందల యాభై అనగలరా?"

"నేనిచ్చింది నాలుగు వందల పాతిక కదండీ?"

"అవునవును. అది నిజం సంగతి. నేనడిగేది భోజనం సంగతి."



"హలుష్కా గారూ, ఆన్‌లైన్లో అమ్మేవాళ్లతో జాగ్రత్తగా ఉండమని మా లైబ్రరీలో ఒక పోలీసాయన ఉపన్యాసం ఇచ్చాడు. మొహం దాచుకుంటారట. పేరు మారుస్తారట. పుచ్చుకున్న సొమ్ము తక్కువని చెప్పమంటారట. నేను మీకో సంగతి చెప్పనా? అప్పుడు ఆయన మాటలు అతిగా ఉన్నాయనుకున్నాను. ఇంతకీ జాన్, ఓరెస్ట్, ఈ రెండిట్లో ఒక్క పేరైనా మీదేనా?"

ఇలాంటి ప్రశ్నలు జీవితమంతా ఎదుటివాళ్లని అడిగిన మనిషి ఓరెస్ట్. ఇప్పుడు తన వంతు వచ్చింది. తన బల్ల ముందు కూర్చుని నీళ్లు నమిలిన మనుషులు ఒకరిద్దరు గుర్తొచ్చారు. వాళ్లంతా దొంగలేనా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

"నిజంగా ఓరెస్టేనండి" అన్నాడు నీరసంగా.

"సరే. వచ్చి చూస్తాం" అంది ఆవిడ, కేసు వాయిదా వేసినట్టు.

ఆదివారం థీసెన్ దంపతులు ప్లమ్ పళ్ల కేకుతో దిగారు. ఏబ్రమ్ ఆజానుబాహువు. మాటలు తక్కువ, పెరోగీలు ఎక్కువ. తినడం అయ్యాక ప్రొజెక్టర్ని బల్ల మీద పెట్టి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఇక్కడేదో అంటించి ఉందండీ" అన్నాడు ఒక మూల గోకుతూ. ఆకుపచ్చ టేపు ముక్క ఊడొచ్చింది. దాని కింద చిన్న ఎర్రదీపం. లోపల వేడెక్కిపోతోందని మొత్తుకునే దీపం.

"అదిగో! కొన్నాక చేసిన పని అది!" ఓరెస్ట్ ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "నేను అమ్మినప్పుడు టేపు లేదు!"

మార్లీన్ లేచింది. టీవీ రిమోట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. వెనకాల ఆకుపచ్చ టేపు. టీ కెటిల్ తెచ్చింది. పిడికి ఆకుపచ్చ టేపు. చివరికి ఓరెస్ట్ కాలి చెప్పు వైపు వేలు చూపించింది. హాకీ కర్రకి చుట్టే ఆ టేపుతోనే ఆ ఇల్లు నిలబడి ఉంది.

"హాకీ చూస్తుంటే ఎర్రదీపం కంట్లో పొడుస్తోందని నువ్వే కదూ అంటించావు?"

"అయ్యుండొచ్చు" అన్నాడు ఓరెస్ట్. "దర్యాప్తు చెయ్యాలి."

ఏబ్రమ్ ఈలోగా గాలి వెళ్లే జల్లెడ ఊడదీశాడు. దాన్నిండా గులాబీ రంగు నూగు, పిల్లిపిల్లంత ముద్ద. నేలమాళిగలో బట్టలారబెట్టే మిషన్ పక్కనే ఉన్నన్నాళ్లూ ప్రొజెక్టర్ ఆ నూగే పీల్చి బతికింది. విల్హెల్మీనా ఆ ముద్దని చూసింది, మార్లీన్ ఒంటిమీది గులాబీ స్వెటర్ని చూసింది, మర్యాదగా కిటికీలోంచి బయటికి చూసింది.

జల్లెడ దులిపి ప్రొజెక్టర్ వెయ్యగానే గోడ మీద బొమ్మ వెలిగింది. కేకు పూర్తయి, టీ రెండు విడతలు తాగినా ఆగలేదు.

"మిమ్మల్ని ఇంత తిప్పించాం. మీరిచ్చిన రెండు వందల యాభై తిరిగిచ్చేస్తామమ్మా" అంది మార్లీన్.

విల్హెల్మీనా చేతిలోని ఫోర్కు పళ్లెంలో పెట్టింది.

"నన్ను నిన్న ఆ అంకె చెప్పమన్నారమ్మా" అంది ఆవిడ. "నా నోట అబద్ధం రాదు. మీ ఇంట్లో భోంచేశాను కాబట్టి ఇంకో అంకె కూడా చెప్పను."

ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఓరెస్ట్ చెవులు బీట్‌రూట్ దుంపల పులుసంత ఎర్రబడ్డాయి.

"మీరు చెప్పక్కర్లేదు" అంది మార్లీన్ తాపీగా. "మొదటిరోజే చూశాను. పాత కుట్టు మిషన్ కోసం అదే సైటులో వెతుకుతుంటే, నా మేజోళ్లు ఒక ఫొటోలో అమ్మకానికి పెట్టినట్టు కనిపించాయి. ఎవరీ నీచుడని చూస్తే వాటికింద మన ప్రొజెక్టర్, దానికింద నాలుగు వందల పాతిక."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" ఓరెస్ట్ గొంతు పీలగా పలికింది.

"నువ్వు మోసగాళ్లని పట్టుకునే పనిలో మునిగిపోయావు. మధ్యలో కదిలించడం ఎందుకనుకున్నా."

థీసెన్ దంపతులు డబ్బు వద్దంటే వద్దన్నారు. బొమ్మ వస్తోంది, అదే చాలన్నారు. ఊరికే పంపడానికి మార్లీన్ ఒప్పుకోలేదు. గ్యారేజీలోకి వెళ్లి, దుప్పట్ల కిందనుంచి సీలైనా తియ్యని పెట్టె తెచ్చి ఏబ్రమ్ చేతిలో పెట్టింది.

"మీ శ్రమకి మా ఓరెస్ట్ ప్రేమగా ఇస్తున్నాడు. కదూ ఓరెస్ట్?"

ముగ్గురూ ఓరెస్ట్ వైపు చూశారు. కన్నీళ్లు అసలువో నకిలీవో చెప్పగలిగిన మనిషి, ఎలాంటిదో తనకే తెలియని ఓ నవ్వు మొహానికి తగిలించుకున్నాడు.

"మనస్ఫూర్తిగా" అన్నాడు.

పెట్టె మీది బొమ్మ చూసి ఏబ్రమ్ మొదటిసారి మాటల మనిషయ్యాడు. "అయ్యబాబోయ్! ఇది చేపలు చూపించేదే! ఎన్నేళ్లుగా కొనుక్కోవాలనుకుంటున్నానో!" ఓరెస్ట్ వీపు మీద ప్రేమగా ఒక్క చరుపు చరిచాడు. "మీకు చేపల సరదా లేదేంటి హలుష్కా గారూ? సరస్సు గడ్డకట్టగానే మా ఊరొచ్చెయ్యండి. ఈ మిషన్ ఎలా వాడాలో నేను నేర్పుతా!"

ఆ మిషన్‌తో వచ్చే వాడకం పుస్తకాన్ని ఓరెస్ట్ కొనక ముందే కంప్యూటర్లో మొదటినుంచి చివరిదాకా చదివేశాడు. ఏ బొత్తం నొక్కితే ఏ చేప కనిపిస్తుందో నిద్రలో లేపినా చెప్తాడు.

మార్లీన్ వైపు చూశాడు. ఆవిడ శ్రద్ధగా కేకు తింటోంది.

"వస్తాను" అన్నాడు ఓరెస్ట్, తల గోక్కుంటూ. "మొదటినుంచీ నేర్పండి. నాకేం తెలీదు."