ప్రారంభోత్సవం కాని పేడ

ఒక పెద్ద అడవిలో అనగానే మీ చూపు తిన్నగా సింహం గుహ దగ్గరికి పోతుందని నాకు తెలుసు. కాస్త కిందికి దించండి. ఇంకా కిందికి. ఆ, అడవిదున్నలు నీళ్లకు పోయే బాట పక్కన, గడ్డి మొదట్లో ఉన్నారే ఇద్దరు, ఈ కథ వాళ్లది.

ఆవిడ నేరేడు. వీపు నేరేడుపండులా నల్లగా నిగనిగలాడుతుంది గనక ఆ పేరు. ఆయన ఉండ్రాజు. ఇద్దరూ పేడపురుగులు, కొత్తగా పెళ్లయినవాళ్లు.

మంచు ఆరకముందే లేచి, దున్నలు వేసిన పచ్చిపేడలోంచి ఇంత ముద్ద తీసి, ఉండ చుట్టి, దొర్లించుకుపోయి మట్టిలో పాతేసేవాళ్లు. ఉండ్రాజు తల నేలకి ఆనించి, వెనక్కాళ్లతో ఉండని తన్నుకుంటూ వెనక్కి నడిచేవాడు. అతనికి దారి కనపడదు కాబట్టి నేరేడు పక్కనే నడుస్తూ "ఎడమకి, ఎడమకి, రాయి ఉంది!" అని కేకలేసేది. తిండి అదే, కాపురం అదే, పుట్టబోయే పిల్లకి ఉయ్యాలా అదే. వాళ్లు తీసిన చోట బాట శుభ్రపడేది, పాతిన చోట గడ్డి ఏపుగా లేచేది.

ఒకనాడు ఒక చిలక కొమ్మ మీంచి వీళ్లని చూసి, "ఆహా, పర్యావరణ ప్రేమికులు!" అని ఎగిరిపోయింది. ఆ మాట ఉండ్రాజు బుర్రకెక్కి కూర్చుంది.

"విన్నావా నేరేడూ? మనం చేసేది పేడ ఎత్తడం కాదట. పర్యావరణమట!"

"ఏమో బాబూ, నాకైతే పేడలాగే ఉంది. కబుర్లాపి తొయ్యి, ఎండెక్కితే గట్టిపడుతుంది."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ చిలక నోట పడ్డ మాట నక్క చెవిన పడకుండా ఉంటుందా? నక్క గారు అటవీ పరిశుభ్రతా మండలికి కార్యదర్శి. మర్నాడే వచ్చి వాలాడు.

"ఉండ్రాజు గారూ! పరిశుభ్రతా పక్షోత్సవాలు జరుపుతున్నాం. మీ ఇద్దరూ ఆదర్శ జంట. మీరు మా ప్రచార రాయబారి."

పుట్టి బుద్ధెరిగాక తనని 'గారు' అన్నవాళ్లు లేరు. ఉండ్రాజు మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

"రెండే షరతులు," అన్నాడు నక్క. "రాయబారి అన్నవాడు వెనక్కి నడవకూడదు, చూసేవాళ్లకి బాగుండదు. ఛాతీ విరుచుకుని ముందుకి నడవాలి. ఇక రెండోది, ఏనుగు గజపతి గారు స్వయంగా వచ్చి మొదటి ఉండ ఎత్తి ప్రారంభోత్సవం చేస్తారు. అందాకా బాట మీద పేడ ఎవరూ ముట్టకూడదు."

"మేం కూడానా?" అంది నేరేడు.

"ముఖ్యంగా మీరే అమ్మా! మీరు ఎత్తేస్తే ఆయనకేం మిగులుతుంది?"

పేడ చుట్టూ తిప్పతీగ రిబ్బను కట్టేశారు. గజపతి గారు రేపన్నారు, రాలేదు. స్నానానికి వెళ్లారట. ఎల్లుండన్నారు, దంతం నొప్పట. ఆ తర్వాత మంచిరోజు కాదట. ఈలోగా నక్కకి ఇంకో బెంగ పట్టుకుంది. ఆయన వచ్చేసరికి గుట్ట ఈమాత్రమే ఉంటే ఏం బాగుంటుంది? ఇంటికో తట్ట తెచ్చి పొయ్యమని జంతువులన్నింటికీ కబురంపాడు. పరిశుభ్రత కోసం కదా, అందరూ ఉత్సాహంగా తెచ్చిపోశారు. ఈగలు దండయాత్రకొచ్చాయి. సొంత పేడ కంపు తామే భరించలేక దున్నలు ఏరు దాటి అవతలి ఒడ్డుకి పోయాయి.

నేరేడు మాత్రం ఎక్కడికి పోతుంది? కడుపులో గుడ్డు ఉంది. గుడ్డు పెట్టాలంటే పచ్చి ఉండ కావాలి, లోపలి పిల్ల దాన్నే తిని పెరగాలి. రిబ్బనులోపల పేడ చూస్తే రోజురోజుకీ పిడకైపోతోంది. పిడకలో పిల్ల బతకదు. వాయిదా వేసుకోవడానికి గుడ్డేమన్నా ప్రారంభోత్సవమా!

నేరేడు వెళ్లి నక్క కాళ్లావేళ్లా పడింది. "కార్యదర్శి గారూ, ఒక్క ఉండ. ఇవాళ పైన పోసిందాంట్లోంచే, ఒక్కటంటే ఒక్కటి."

"చూడమ్మా, మొన్నటిదాకా అది పేడ. రిబ్బను కట్టాక అది కార్యక్రమం. కార్యక్రమంలోంచి ముద్ద తీసివ్వమంటే ఎలా?"

"నా బిడ్డ దక్కదండీ."

"రామాయణంలో పిడకల వేటంటే ఇదే! అడవంతా బాగుపడబోతుంటే మధ్యలో నీ గుడ్డు గోలేమిటి?"

ఇంటికొస్తే మొగుడు గారు గోడవారన ఛాతీ విరుచుకుని ముందుకి నడవడం సాధన చేస్తున్నాడు. అలవాటు లేని పనేమో, నాలుగడుగులకోసారి తూలిపడుతున్నాడు.

"ఏమయ్యా, నువ్వు పేడ ముట్టి ఎన్నాళ్లయింది?"

"అదేంటే! రోజుకి నాలుగు సభల్లో పేడ గురించే కదా మాట్లాడుతున్నాను."

నేరేడుకి ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. "అయితే నీ ఉపన్యాసంలో పెట్టనా గుడ్డు? రేపు పొద్దుగూకేలోపు ఉండ దొరక్కపోతే మనకి బిడ్డ లేదు. ఆ మాట కూడా సభలో చెప్పు!"

ఉండ్రాజుకి సిగ్గేసింది. అయినా పొద్దున్నే సభకి వెళ్లాడు. మాటిచ్చాడు మరి.

ఆ రోజు గజపతి గారు నిజంగానే వచ్చారు. కంపు తెలియకుండా గుట్టనిండా మోదుగుపూలు కప్పారు. ఆయనకి రెండు పనసపళ్లు, వెదురు చిగుళ్లు ఫలహారం పెట్టారు. ఉండ్రాజుని తీసుకెళ్లి పక్కనే ఎత్తుగా ఉన్న బండ మీద కూర్చోబెట్టారు. గజపతి గారు పరిశుభ్రత మీద మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. సూర్యుడు పడమటికి వాలాడు.

"సోదరులారా! శుభ్రత అనేది మన లోపలి నుంచి రావాలి..." అంటుండగా, వచ్చింది. ఆయన వెనకాల ధబ్బున పడింది. వేడివేడిగా, పచ్చిగా, రిబ్బనుకి అవతల.

సభంతా ఒక్కసారి ఆకాశం కేసి చూసింది. కొంగ గారు వాన వస్తుందేమో అన్నారు. నక్క అయితే చప్పుడే విననట్టు చప్పట్లు కొట్టాడు.

నేరేడు ఒక్కతే పరుగెత్తింది. గబగబా ఉండ చుట్టింది. మొగుడిలాగే తల నేలకి ఆనించి వెనక్కాళ్లతో తొయ్యడం మొదలెట్టింది. దారి కనపడదు, చెప్పేవాళ్లు లేరు. ఎదర రాయి, దాని పక్కన పల్లం, పల్లం కింద ఏరు.

బండ మీంచి ఉండ్రాజుకి అన్నీ కనిపించాయి.

"ఎడమకి! ఎడమకే, రాయి ఉంది!" అని గజపతి గారి ప్రసంగం మధ్యలో అరిచేసి, ఒక్క దూకు దూకాడు. వెళ్లి ఆమె పక్కన చేరి, వెనక్కి తిరిగి, తల వంచి తోశాడు.

"రాయబారి గారూ! వెనక్కి నడుస్తున్నారు!" నక్క లబలబలాడాడు.

"అవునండీ, ఇలా నడిస్తేనే ఇది ముందుకెళ్తుంది!"

ఇదేదో సాంస్కృతిక కార్యక్రమం కాబోలనుకుని జంతువులన్నీ చప్పట్లు చరిచాయి. చప్పట్లు తనకేననుకుని గజపతి గారు పొంగిపోయారు. అసలే ఆయనకి చూపు అంతంతమాత్రం. పూలగుట్టకేసి తిరిగి తొండమెత్తారు.

"ఎంత చక్కని గుట్ట! మీ అడవికి ఇదే అందం. ఇందులోంచి ఒక్క రేణువు కదిలించినా నేను ఊరుకోను!" అని రిబ్బను తెంచేశారు.

ఎత్తి పారేద్దామని కట్టిన రిబ్బను కాస్తా కాపాడమనే ఆజ్ఞ అయిపోయింది. కాపలా ఉద్యోగం నక్కకే ఇచ్చారు. ఇప్పటికీ పొద్దున్నించి సాయంత్రం దాకా తోకతో ముక్కు మూసుకుని అక్కడే నిలబడి ఉంటాడు పాపం.

తొలకరి పడ్డాక ఒక చిన్న నల్లటి వీపు మట్టి తోసుకుని బయటికొచ్చింది. నేరేడు దాన్ని చూసి నవ్వీ ఏడ్చీ అలిసిపోయింది. మండలి వాళ్లు పంపిన టేకాకు ప్రశంసాపత్రం ఎక్కడా అంటారా? ఆ వానలో నీళ్లు రాకుండా ఉండ్రాజు దాన్ని బొరియకి అడ్డం పెట్టాడు.

నీతి చెప్పకపోతే మీరు ఊరుకోరు కదా: చెత్త కనపడగానే ఎత్తెయ్యండి, రిబ్బను కట్టేదాకా ఆగారో, దానికే దణ్ణం పెట్టుకోవాల్సొస్తుంది.