పంతులుగారి సన్మానానికి నీళ్లు

కరువు కాలంలో నీళ్లను కాపాడేది ఎవరు? వరుణదేవుడా? కాదండీ, వకీలు! నమ్మనివారు ధాత నామ సంవత్సరపు కరువులో ఉదయగిరి కొండ కింద వెంగయ్య చేలోని బావిని చూసి ఉండవలసింది. చుట్టుపక్కల బావులన్నీ ఎండి కప్పలు సైతం వలసపోతే, అందులో మాత్రం నిలువెత్తు నీళ్లు!

ఆ పుణ్యమంతా ఆత్మకూరు వకీలు జనార్దనయ్య పంతులుగారిది. బావి నాదంటే నాదని వెంగయ్య, అతని పినతండ్రి కొడుకు చెంచయ్య కోర్టుకెక్కారు. తీర్పు వచ్చేదాకా ఎవరూ ఒక్క చుక్క తోడకూడదని ఉత్తర్వు. వెంగయ్య తరఫు వకీలైన పంతులుగారు వాయిదా మీద వాయిదా అడిగి, ఏడేళ్లుగా ఆ తీర్పు రానివ్వలేదు. ఇంతటి జలసంరక్షకుడు మరొకడున్నాడా?

వాయిదాల మేలు ఇంతేనా! ఆత్మకూరుకు నడిచి నడిచి అన్నదమ్ముల పిక్కలు రాళ్లయ్యాయి. ఒకే దారిన పోతూ, ఒకే మూటలోని సంగటి తింటూ పగ కూడా మరిచిపోయారు. "చెరి సగం వాడుకుంటామయ్యా, రాజీ రాయండి" అని పంతులుగారి కాళ్లు పట్టుకున్నారు. ఆయన మండిపడ్డారు.

"నిక్షేపంలాంటి కేసును చేతులారా చంపుకుంటారట్రా?"

ఇంట్లో గింజ లేదు. ఎదురుగా నీళ్లు, పక్కనే బీడు. చూసినప్పుడల్లా వెంగయ్యకు ఏడుపొచ్చేది.

అంతలో పంతులుగారికి అరవై నిండాయి. ఏ సభకైనా ఆయనే అధ్యక్షులు, బాటల వెంట చింతమొక్కలు నాటించిన పెద్దమనిషి. సన్మానం చెయ్యకపోతే ఎలా? తన ఘనత కళ్లకు కట్టేలా ఆ బావిగట్టునే చెయ్యమని ఆయనే సెలవిచ్చారు. మరి పాదాలు కడగడానికి నీళ్లో? దానికీ ఆయనే అర్జీ పెట్టి ఉత్తర్వు తెచ్చారు: "సన్మానము ముగియువరకు వలసినన్ని నీళ్లు తోడుకొనవచ్చును."

పాదాలు కడిగారు. దండ వేశారు. శాలువా కప్పారు. ఇక మంగళహారతి ఇస్తే సభ ముగిసినట్టే. వెంగయ్య భార్య చెంచమ్మ కర్పూరం వెలిగించబోతుంటే వెంగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యా, హారతికి వాయిదా కావాల."

"ఎందుకురా?"

"కలిగిరి నుంచి మా మామ రాలేదు. ఆయన లేకుండా ఎట్టా ముగిస్తామయ్యా?"

పంతులుగారు ఆలోచించారు. కారణం సబబుగానే ఉంది. తాను ఎన్నోసార్లు వాడినదే. పైగా హారతి లేకుండా లేచిపోతే అరకొర సన్మానమని లోకం నవ్వదూ? పది రోజులకు వాయిదా వేశారు.

ఆయన బండి మలుపు తిరగకముందే అన్నదమ్ములు తోలుబానకు ఎద్దులు కట్టి కపిల తోలారు! బీడు తడిపి, అప్పు తెచ్చిన జొన్న విత్తారు.

పది రోజులకు మామ వచ్చాడు, కర్పూరం చెమ్మగిల్లింది. ఆపై పళ్లెం కనబడలేదు. ఆపై చెంచమ్మకు గొంతు పట్టేసింది. పంతులుగారు ప్రతి వాయిదాకూ అదే శాలువా కప్పుకుని, అన్నం మూటతో దిగేవారు. బీడులో జొన్న మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది.

ఎనిమిదో వాయిదాకు ఆయన గట్టు మీద చతికిలబడ్డారు.

"ఒరే వెంగయ్యా, నా నడుం విరిగిందిరా. రాజీ రాసిస్తాను, ఆ హారతి ఇప్పించు!"

అక్కడికక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని, బావి చెరి సగమని రాశారు. అన్నదమ్ములిద్దరూ వేలిముద్రలు వేశారు. చెంచమ్మ సంబరంగా పళ్లెం అందుకుంది.

"వెలిగించేదా?"

వెంగయ్య చేలో అప్పుడే పాలు పోసుకుంటున్న జొన్నకంకుల వైపు చూశాడు. చేతిలోని కాగితం వైపు చూశాడు.

"తొందరేముండాది? దీన్ని కోర్టు ఒప్పుకున్న రోజున వెలిగిద్దాం. అయ్యా, మళ్లీ ఎప్పుడొస్తారు?"