చేపలకు చలేస్తోంది!

నా భార్యకు ఒక్క అబద్ధం చెప్పడానికి నాకు నలభై లీటర్ల నీళ్లు, ఆరు చేపలు అవసరమయ్యాయి.

నేరానికి మూలం పాలు. ఆర్నెల్ల క్రితం ఒక సాయంత్రం స్టవ్ మీద పాలు పెట్టి, "ఓ కన్నేసి ఉంచండి" అని ఆవిడ పక్కింటికి వెళ్లింది. నేను రెండు కళ్లూ కంప్యూటర్‌లో కారు రేసు మీద వేసి ఉంచాను. నా కారు అందరికన్నా ముందు గీత దాటింది. పాలు గిన్నె దాటి, గట్టు దాటి, వంటింటి గడప దాకా వచ్చాయి.

మర్నాడే నా కంప్యూటర్ ఇల్లు దాటింది. "ఇకమీదట ఈ ఇంట్లో నాకు ఆటల కంప్యూటర్ కనిపించకూడదు" అని తీర్పు.

కనిపించకూడదంది. ఆ మాట పట్టుకుని నేను నాలుగు నెలలు ఆలోచించాను.

మా బావమరిదికి అద్దాల కొట్టుంది. చేపల తొట్లు అతికించడంలో చెయ్యి తిరిగినవాడు. కాగితం మీద బొమ్మ గీసి వాడి ముందు పెట్టాను.

"ఒకే పెట్టె. ఎడమ గదిలో చేపలు, కుడి గదిలో కంప్యూటర్, మధ్యన అద్దం గోడ. కంప్యూటర్ వేడిని సన్నటి గొట్టం మోసుకెళ్లి చేపల నీళ్లను వెచ్చబెడుతుంది."

"దానికి ఇంత తంటా ఎందుకు బావా? చేపల హీటర్ అని అరచెయ్యంత వస్తువు దొరుకుతుంది."

"హీటర్‌తో రేసు ఆడగలమా?"

వాడు పగిలిన అద్దాన్ని చూసినట్టు నన్ను చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వును నేను మెచ్చుకోలు అనుకోవడం నా మొదటి పొరపాటు.

పథకంలో మెలిక అర్థమైందా? నేను తెచ్చే గప్పీ చేపలకు నీళ్లు ఇరవై ఆరు డిగ్రీలుండాలి. కంప్యూటర్ కష్టపడితేనే వేడెక్కుతుంది. అది కష్టపడాలంటే నేను రేసు ఆడాలి. అంటే నేను ఆడేది ఆట కాదు, జీవకారుణ్యం!

పెట్టె హాల్లోకి వచ్చిన రోజు నా భార్య నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"తొట్టి బాగుంది. పక్కన ఆ మిషనేమిటి?"

"చేపల ఆరోగ్యం చూసుకునేది. నీళ్లు చల్లబడితే దానితో కాస్త పని చేయించాలి."

"ఏం పని?"

"ఏదైనా బరువైన పని. రేసులాంటిది."

"రేసులాంటిదా, రేసేనా?"

"చేపలకు చలేస్తే చూస్తూ ఊరుకుంటామా చెప్పు?"

ఆవిడ కోప్పడలేదు. "అయితే నియమం రాసి సంతకం పెట్టండి. రేపు మాట మారిస్తే ఒప్పుకోను" అంది. ఎగిరి గంతేసి రాశాను. 'నీళ్లు ఇరవై ఆరు కంటే దిగితే కంప్యూటర్‌తో బరువైన పని చేయించాలి.' సంతకం పెట్టి అద్దానికి అతికించాను కూడా.

ఒక్కటే లోటు. బావమరిది చేసిన బల్ల కింద నా మోకాళ్లు పట్టడం లేదు. కూర్చున్నప్పుడల్లా టంగుమని కొట్టుకునేవి.

"అలవాటైపోతుంది బావా" అన్నాడు వాడు.

నాకు అలవాటు కాలేదు. మోకాళ్లకే కాయలు కాశాయి. అయినా స్వర్గం స్వర్గమే. రోజూ ఆఫీసు నుంచి రాగానే "అయ్యో, చేపలకు చలేస్తోంది!" అని కుర్చీ లాక్కునేవాణ్ని. కంప్యూటర్ ఫ్యాన్ల చప్పుడు వంటింట్లోకి వినబడకుండా వాటి మీట ఆపేసేవాణ్ని.

అంతలో మా అత్తయ్య దిగింది.

అత్తయ్య ముప్ఫయ్యేళ్లు ప్రసూతి వార్డులో నర్సు. రిటైరయ్యాక చూడ్డానికి రోగులు లేక చెయ్యి దురద పెడుతోందావిడకు. తొట్టి ముందు కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, పెద్ద పొట్ట చేపను పావుగంట పరీక్షించి ప్రకటించింది.

"అల్లుడుగారూ, ఇది నిండు చూలాలు."

"చేపలు గుడ్లు పెడతాయి కదండీ అత్తయ్యా?"

"ఈ జాతి పిల్లల్నే కంటుంది. మీరు తెచ్చారు, మీకే తెలీదా?"

ఆ క్షణం నుంచి మా హాలు వార్డయింది. గంటగంటకూ నీటి వేడి చూసి గళ్ల కాగితం మీద చుక్క పెట్టడం, చుక్కల్ని గీతతో కలపడం, పెదవి విరవడం. టీవీ చప్పుడు తగ్గించమనేది. నన్ను చెప్పులు విడిచి తిరగమంది.

సరిగ్గా ఆ వారమే నా భార్యకు పెద్ద పని వచ్చింది. ఇళ్లు కట్టేవాళ్లకు గదులు ఎలా ఉండబోతాయో ముందుగానే రంగుల బొమ్మలు చేసివ్వడం ఆవిడ వృత్తి. పన్నెండు గదులు, బుధవారం గడువు. ఆవిడ ముసలి లాప్‌టాప్ ఒక్క గదికి ఒక రోజంతా మింగుతుంది.

"ఈ పని నిలబడితే నా పేరు నిలబడుతుందండీ. మీ మిషను నాలుగు రోజులు ఇస్తారా?"

ఇక్కడ నేను మనిషిలా ప్రవర్తించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"అది వైద్య పరికరం" అన్నాను. "పైగా ఇంట్లో గర్భిణి ఉంది."

ఆవిడ నన్నొకసారి, అద్దం మీది నియమాన్నొకసారి చూసి, లాప్‌టాప్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసు మిత్రులతో చివరి పోటీ. మూడు గంటలు ఏకధాటిగా ఆడాను. ఇంకొక్క మలుపు తిరిగితే కప్పు నాదే.

"ముప్ఫై ఒకటి!" అత్తయ్య కేక. "తల్లికి జ్వరం!"

"ఒక్క నిమిషం అత్తయ్యా!"

"కాన్పు మీరు చెప్పినట్టు ఆగుతుందా?"

ఆవిడ తొట్టి మూత తెరిచి ఐసు సంచీ దించింది. ఆ చల్లటి దెబ్బకు ఒక మగచేప గాల్లోకి లేచింది. లేచి నా కీబోర్డు మీద పడి తోకతో టపటపా కొట్టింది. తెర మీద నా కారు వెనక్కి తిరిగి గోడను గుద్దింది. నేను కెవ్వుమని లేచాను. మోకాళ్లు బల్లను గుద్దాయి, బల్ల పెట్టెను గుద్దింది, నీళ్లు మార్చే కింది గొట్టం ఊడింది.

నలభై లీటర్లూ హాల్లోకి!

నేను చేసింది ఒకటే. సోఫా ఎక్కాను.

నా భార్య పరుగున వచ్చి ముందు ప్లగ్గు పీకింది, తర్వాత గొట్టం నొక్కి పట్టింది. అత్తయ్య కీబోర్డు మీది చేపను, తల్లి చేపను, తక్కిన నలుగుర్నీ కాఫీ గ్లాసుల్లోకి ఎత్తింది. ముప్ఫయ్యేళ్ల అనుభవం. ఒక్కరూ జారలేదు.

బావమరిది వచ్చి గంటలో గొట్టం బిగించి, కొత్త నీళ్లు నింపాడు. కంప్యూటర్ గదిలోకి చుక్క వెళ్లలేదు. ఫ్యాన్ల మీట చూసి నాలుక్కరుచుకున్నాడు.

"ఇది ఆపేశావేం బావా? ఎక్కువైన వేడిని బయటికి తోసేది ఇదే."

నేను కిటికీలోంచి వాతావరణం పరిశీలించాను.

"ఇరవై రెండు" అంది అత్తయ్య. "చలికి తల్లి వణుకుతోంది."

అవకాశం! కుర్చీ వైపు అడుగేశాను. అత్తయ్య గళ్ల కాగితం అడ్డం పెట్టింది. గీత రంపం పళ్లలా ఉంది.

"ఇది మీ ఆట. అరగంట ఆడతారు, అరగంట ఫోన్లో పోట్లాడతారు. పైకీ కిందికీ, పైకీ కిందికీ. తల్లికి కావాల్సింది నిలకడ."

"నిలకడగా బరువైన పని నా దగ్గరుంది" అంది నా భార్య. "పన్నెండు గదులు. ఒక్కోదానికి ఈ మిషను ఐదు గంటలు తల దించుకుని పని చేయాలి."

"కానీ ఇది నా..."

"నియమం చదవండి. పని చేయించాలని ఉంది. ఎవరు చేయించాలో ఉందా?"

సంతకం మాత్రం నాదే ఉంది.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. మోకాళ్లు బల్ల కింద ఎక్కడా తగలకుండా ఇమిడిపోయాయి. మోచేతులు అంచు మీద కొలిచినట్టు ఆనాయి. నేను బావమరిది వైపు తిరిగాను.

"అక్క కొలతలు బావా" అన్నాడు వాడు, నేల తుడుస్తూ. "నువ్వు బొమ్మ గీసిచ్చిన రోజే అక్కకు చూపించాను. కంప్యూటర్ లోపలి సామానంతా అక్క రాసిచ్చిన జాబితా ప్రకారమే."

"అంటే నీకు మొదట్నుంచీ..." అంటూ నా భార్య వైపు తిరిగాను.

"కొత్త మిషను కావాలని ఏడాదిగా అడుగుతున్నాను. మీకోసమైతే నాలుగు నెలల్లో కట్టించారు" అంది ఆవిడ, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "అయినా ముందు అడిగాను కదండీ, ఇస్తారా అని. మీరే ఇచ్చి ఉంటే బాగుండేది."

ఆ మాట బల్ల దెబ్బకన్నా గట్టిగా తగిలింది. వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టాను. పాల మీద రెండు కళ్లూ వేసి ఉంచాను.

మూడు రోజులు అత్తయ్య కాగితం మీద గీత స్కేలు పెట్టినట్టు సాగింది. బుధవారం పొద్దున పన్నెండో గది పూర్తవుతుండగా హాల్లోంచి పిలుపు. పరుగెత్తాను. నీటిమొక్కల మధ్య కనురెప్ప వెంట్రుకంత పిల్లలు! లెక్కపెడితే ఇరవై మూడు. నా భార్య నా భుజం పట్టుకుని ఎగిరింది. అరగంటకు ఫోన్ వచ్చింది. బొమ్మలు నచ్చాయట, ఇంకో ఇరవై గదులున్నాయట.

"మరి నేను?" అనడిగాను, వీలైనంత జాలిగా.

నా భార్య వాళ్లమ్మ వైపు చూసింది. అత్తయ్య నా నాడి పట్టుకుని చూసి, కొత్త గళ్ల కాగితం తీసి, పైన 'అల్లుడుగారు' అని రాసి, కింద మందు రాసిచ్చింది.

'రేసు: వారానికి ఒక గంట, ఆదివారం భోజనం తర్వాత. ఫ్యాన్లు వేసుకుని. పిల్లలకు మేత: రోజుకు రెండుసార్లు, స్వయంగా.'

ఈ ఆదివారం ఆడాను. మోకాళ్లు పట్టలేదు కాబట్టి నిలబడే ఆడాను. నా వెనక నిలబడి చప్పట్లు కొట్టింది ఎవరనుకుంటున్నారు? నా భార్యే.

"మలుపు దగ్గర కాస్త మెల్లగానండీ" అంది. "పిల్లలు పడుకున్నారు."