గుర్రమెరిగిన నాన్నలకు పిండికట్టువాడి కృతజ్ఞతలు

పిల్లలకు స్కేట్‌బోర్డ్ నేర్పాలంటే ముందు వాళ్ల కాళ్లను బోర్డుకి తాడేసి కట్టాలి. ఈ సిద్ధాంతం నాది కాదు, మన బిష్కెక్ నగరపు నాన్నలది. నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

ఎందుకు సమర్థించను? ముప్పై ఒక్క ఏళ్లుగా ఎముకల ఆసుపత్రిలో పిండికట్లు వేస్తున్నవాణ్ని. చలికాలమంతా మంచు మీద జారిన ముసలివాళ్లు నా గది ముందు వరస కడతారు. ఎండలు మొదలైతే మాత్రం ఈగలు తోలుకోవడమే. అలాంటి సమయంలో చౌరస్తాలో నున్నటి రాళ్లు పరిచి ఒక పక్క ఏటవాలు కట్టారు, పిల్లలు బోర్డులు కొన్నారు, నాన్నలు గురువులయ్యారు. నా వేసవి కళకళలాడిపోయింది!

మన నాన్నల ధీమా చూడాలి. "నాలుగేళ్లకే గుర్రమెక్కినోణ్ని, ఈ చెక్కముక్క నాకో లెక్కా?" అంటాడు కుబాన్. నూనె కారే సంసా ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో కొడుకుని ఏటవాలు మీంచి తోస్తుంటాడు. ఆయనకు బోర్డు మీద నిలబడటం రాదు. నేర్పడానికి అది అడ్డమా?

హెల్మెట్ సంగతంటారా? కొడుకు నెత్తిన తెల్లటి ఉన్ని టోపీ, కల్పక్ ఉంది. కల్పక్ మీద హెల్మెట్ పట్టదు. కల్పక్ తీసి నేల మీద పెట్టడం మర్యాద కాదు. అందుకని హెల్మెట్ ఇంట్లో అలమారా పైన క్షేమంగా ఉంటుంది. ఇంత జాగ్రత్తపరులను చూసి కూడా మెచ్చుకోకపోతే మనం మనుషులమేనా?

ఇక ఆ తాడు. చిన్నప్పుడు మనందరినీ చెక్క కొమ్ములున్న పిల్లల జీనులో కూర్చోబెట్టి, కాళ్లు కట్టేసి గుర్రమెక్కించారు. ఎవరూ పడలేదు. కాబట్టి బోర్డు మీదా కట్టాలట. గుర్రానికి బుద్ధి ఉంది, రాయి కనిపిస్తే పక్కకి తప్పుకుంటుంది. బోర్డు రాయికి తగిలి ఆగిపోతుంది, పిల్ల మాత్రం ఆగదు. కాళ్లు విడిగా ఉంటే దూకేసి బయటపడుతుంది. కట్టి ఉంటే నా గదికి వస్తుంది. తేడా ఇంతే.

నా పొట్ట కొట్టేది ఆ చౌరస్తాలో ఒక్కతే ఉంది. పేరు ఐజార్కిన్, మా వీధి పిల్లే, ఇరవై దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. ప్రతి ఆదివారం పొద్దున పిల్లలను పోగేసి చౌరస్తా పక్కన గడ్డి మీద పాఠం చెబుతుంది. హెల్మెట్, మోకాళ్లకు ప్యాడ్లు లేకుండా దగ్గరికి రానివ్వదు. గడ్డి మీద బోర్డు కదలదు కదా, అందుకే అక్కడ మొదలు. మోకాళ్లు వంచి నిలబడు, తూలితే దూకు, దూకలేకపోతే చేతులు చాచకుండా ప్యాడ్ల మీద కూలబడు. వారాల తరబడి ఇదే.

కుబాన్ ఒకసారి వెక్కిరించాడు. "పడటం నేర్పడానికి గురువెందుకమ్మా? మావాడికి పుట్టుకతోనే వచ్చు."

"వచ్చుంటే నెలకోసారి కట్టెందుకు వేయిస్తున్నావ్ బాబాయ్?" అంది ఆ పిల్ల, తలైనా తిప్పకుండా.

మొన్న ఆదివారం నేను డ్యూటీకి పోతూ చౌరస్తాలో ఆగాను. నా కొడుకు తాలాయ్ అక్కడున్నాడు. వాడి కూతురు అకిలాయ్‌కి ఎనిమిదేళ్లు, మూడు వారాలుగా ఐజార్కిన్ దగ్గర నేర్చుకుంటోంది. తాలాయ్‌కి ఓపిక పోయింది.

"మూడు వారాలు గడ్డిలో పొర్లడానికా దీన్ని పంపింది?" అని కారులోంచి పలుపుతాడు తీసి, పిల్లను ఏటవాలు పైన బోర్డెక్కించాడు. "నాన్నా, నువ్వు కట్టు. నీ ముడైతే ఊడదు."

కుబాన్‌తో పాటు పదిమంది నాన్నలు చూస్తున్నారు. నా ముడిని నలుగురిలో పొగిడాడు కదా, ఉబ్బిపోయాను. వంగి కట్టాను. అవును, ఇంతసేపూ మీకు ఎముకల పాఠం చెప్పిన నేనే. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

అకిలాయ్ తల వంచి నా చేతులనే చూసింది.

"తాతా, నా తొలి అడుగుల పండగలో కాళ్లకి నలుపూ తెలుపూ దారం కట్టి కోశారంట కదా. ఎందుకు కోశారు?"

"తట్టుకోకుండా నడవాలని, తల్లీ."

"మరి ఇప్పుడెందుకు కడుతున్నావ్?"

ఆ పండగలో పిల్లల పరుగు పందెం పెట్టి, మొదట వచ్చిన పిల్ల చేతికి దారం కోయమని కత్తి ఇచ్చింది నేనే. ఆ పిల్ల ఐజార్కిన్. ఇప్పుడూ గడ్డి మీంచి పరిగెత్తుకొచ్చి, రొప్పుతూ నా ముందు చెయ్యి చాచింది.

"కత్తెర ఇవ్వు తాతా."

కట్లు కోసే కత్తెర ఎప్పుడూ నా కోటు జేబులోనే ఉంటుంది. ఇచ్చాను. ఆమె తాడు కోసింది.

అకిలాయ్ ఏటవాలు మీద సగం దాకా బాగానే వెళ్లింది. తూలింది, దూకింది, నాలుగడుగులు పరిగెత్తి ప్యాడ్ల మీద కూలబడి లేచింది.

"పడిందిగా," అన్నాడు తాలాయ్.

"పడలేదు నాన్నా, దిగాను."

ఇక్కడితో ముగిస్తే నేను మంచివాణ్నయిపోతాను. నేను డ్యూటీకి వెళ్లిపోయాను. మధ్యాహ్నం కుబాన్ కొడుకుని ఎత్తుకుని నా గదికి వచ్చాడు. కుడి చీలమండ కుండలా వాచింది. దానికి తెగిన తాడు ఇంకా వేలాడుతోంది. ఆ ముడి వేలితో తడిమి చూశాను. అచ్చం నాదే.

"ఇదెక్కడ నేర్చుకున్నావ్?" అని అడిగాను.

"పొద్దున నువ్వు కడుతుంటే చూశా పెద్దాయనా. ఆసుపత్రి మనిషి, అదీ సొంత మనవరాలికే కడుతున్నాడంటే మంచిదే అయ్యుంటుందనుకున్నా."

"కోసేయడం చూడలేదా?"

"అప్పటికే తాడు కోసం ఇంటికెళ్లా."

పిల్లాడు ఏడవకుండా పళ్లు బిగబట్టి నా వైపే చూస్తున్నాడు. నేను పిండికట్టు గుడ్డ తడిపాను.