జున్ను కోసం కొట్టిన బిందె

నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక, మనవరాలి పక్కన కూర్చుని. ఒత్తు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. ఒక్కో ముక్క కూడబలుక్కుని రాసేసరికి ఈ చిన్న కథకే వానాకాలమంతా పట్టింది. తప్పులుంటే మన్నించి, సరిచేసుకుని చదవండి.

తర్లుపాడు చివరి కాలనీలో ఉండే మాలకొండయ్య ఆ రోజు కాఫీ తాగకముందే ఒక నిర్ణయానికి వచ్చాడు. జున్ను మెడలో గొలుసు తీసేసి, ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలో వదిలి, పిలిచి వెనక్కి రప్పించాలి. మధ్యాహ్నంలోగా అది జరగకపోతే జున్ను ఇక ఆ ఇంట్లో ఉండదు.

షరతు పెట్టింది ఆయన భార్య సుధారాణి. జున్ను తేనెరంగు ఆడ కుక్కపిల్ల. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. గొలుసు ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలే. గొలుసు ఊడిందంటే మాత్రం నేరుగా మార్కాపురం రోడ్డు ఎక్కుతుంది. మొన్న ఒక కంకర లారీవాడు బ్రేకు మీద నిలబడ్డాడు కాబట్టి బతికింది. ఆ సాయంత్రమే సుధారాణి, జున్నును తీసుకుపొమ్మని లింగన్నకు ఫోను చేసింది. లింగన్నది నల్లమల అంచున గూడెం. ఏటా వాళ్లింటికి తేనె, చింతపండు తెచ్చేది అతనే. అక్కడ లారీలు తిరగవు.

"నాకేం దాని మీద కోపం లేదు," అంది సుధారాణి పెనం మీద దోసె తిప్పుతూ. "నీళ్లకు పోయినా కాళ్లకు అడ్డం పడతా వెంటే వస్తాది, పోనీలే అనుకుంటా. కానీ రోడ్డు మీద చచ్చి పడుంటే నేను చూళ్లేను. పన్నెండుకాడికి లింగన్న వస్తాడు. ఆలోగా గొలుసు లేకుండా పిలిస్తే ఒక్కసారి వచ్చిందా, లింగన్నకు మజ్జిగ పోసి నేనే వెనక్కి పంపిస్తా."

"వస్తాది."

"నువ్వు పిలిస్తేనా?"

ఆ మాట మాలకొండయ్యకు తగలవలసిన చోటే తగిలింది. గిద్దలూరులో ఒక హైస్కూల్లో ఆయన అటెండరుగా చేసి ఈ మధ్యనే రిటైరయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్లూ తెల్లవారకముందే రైలెక్కడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. బడిలో వేలాడే రైలుపట్టా ముక్క మీద ఆయన ఇనపకడ్డీతో ఒక్కటి వేస్తే వందలమంది పిల్లలు కదిలేవారు. పాఠం మధ్యలో ఉన్న లెక్కల మాస్టరు కూడా సుద్దముక్క కింద పెట్టేవాడు. ఇప్పుడు ఇంట్లో ఆయన గొంతు చించుకున్నా ఫ్యాను రెక్క తప్ప ఏదీ కదలడం లేదు. అందుకే ఒక్క ప్రాణి, తన చప్పుడు విని తన దగ్గరికి వచ్చే ఒక్క ప్రాణి ఉంటే చాలని ఆయన ఆశ.

ఇంట్లో తర్ఫీదు బాగానే సాగింది. స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడితే జున్ను మంచం కింద నుంచి పరుగెత్తుకొచ్చేది. ఉడికిన గుడ్డు ముక్క తినేసి, ఇంకోటి కోసం ఆయన జేబు వాసన చూసేది. కానీ ఖాళీ జాగాలో గొలుసు తీయగానే అది ఒక తొండను తరుముకుంటూ కంపచెట్లలోకి దూరింది. మాలకొండయ్య గ్లాసు కొట్టాడు. వేసవి గాలి ఆ చప్పుడును అక్కడికక్కడే మింగేసింది.

"చిన్న గంట పెద్ద బడికి చాలదు," అనుకున్నాడాయన. ఇంటి వెనక గోడవారన పెద్ద స్టీలు బిందె బోర్లించి ఉంది. దాన్ని, పప్పు గరిటెను పట్టుకుని పరుగున వచ్చాడు. సాయంత్రం బడి వదిలేటప్పుడు కొట్టే పద్ధతిలో ఆపకుండా వాయించాడు. ఉద్యోగం వదిలాక ఆయన చేతికి ఇంత సుఖంగా ఎప్పుడూ లేదు.

కంపచెట్లలో నుంచి జున్ను తల ఎత్తింది. వాలిన చెవి కూడా లేచి నిలబడింది. ఒక్క ఉదుటున దూకి ఆయన వైపే వచ్చింది. మాలకొండయ్య గుడ్డు ముక్క పట్టుకుని వంగాడు. జున్ను ఆయన కాళ్ల పక్కనుంచి దూసుకుపోయి, వీధి చివరకు మళ్లి, మాయమైంది.

వెంటనే కాలనీలో తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి.

ఆ కాలనీలో బిందె మీద గరిటె మోగితే ఒకటే అర్థం. నీళ్ల ట్యాంకరు వచ్చింది. బోర్లు ఎండిపోయిన ఆ వీధులకు అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ముందు చూసినావిడ బిందె వాయిస్తుంది, మిగతావాళ్లు వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పరుగెత్తుతారు. ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. మాలకొండయ్యకు తెలియదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన ఊళ్లో ఉండేవాడు కాదు. మానేశాక, పగలు ఎక్కువసేపు స్టేషను దగ్గర టీకొట్లో పేపరు చదువుతూ ఉండేవాడు. ఇంట్లో నీళ్లు వాటంతటవే ఊరతాయని ఆయన గట్టి నమ్మకం.

ఎదురింటి ఉమ చంకనొకటి, నెత్తినొకటి బిందెలతో బయటపడింది. ఆమె వెనక బకెట్లు, క్యాన్లు, దొర్లుకుంటూ డ్రమ్ములు. ట్యాంకరు వచ్చి అప్పటికి ఐదు రోజులైంది. తల రుద్దుకుంటున్నావిడ సబ్బు నురగతోనే వచ్చేసింది.

"మామా, నువ్వు కొట్టినావా? మంచి పని చేసినావు," అంది ఉమ పరుగు ఆపకుండానే.

తన తర్ఫీదును కాలనీ అంతా ఇంతగా మెచ్చుకుంటుందని మాలకొండయ్య అనుకోలేదు. "ముందు కనిపెట్టండమ్మా, యాడుందో," అన్నాడు వాళ్ల వెనకే ఉరుకుతూ.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ట్యాంకరు లేదు. వరస మాత్రం తయారైంది. ముందు చోటు కోసం ఉమ రాత్రీ పగలూ అక్కడే పడుకోబెట్టి ఉంచే నీలం డ్రమ్ము మొదట ఉంది, దాని వెనక మిగతావి. వరస చూసి, ఇవతలి వీధికే నీళ్లు పోస్తున్నారనుకుని అవతలి వీధి రోజీ తన బిందె వాయించింది. ఆ వీధి కూడా కదిలింది.

"ఏదీ ట్యాంకరు?" అంది రోజీ.

"వచ్చిందంట. బిందె మోగింది కదా," అంది ఉమ.

"వస్తే యాడికి పోయింది?"

"మిమ్మల్ని చూసి తిరిగిపోయి ఉంటాడు ట్యాంకరు గురుస్వామి. పోయినసారి పైపు గుంజింది మీరు కాదా?"

"మేం గుంజినామా? మీ డ్రమ్ము నిద్రపోయే జాగా మీ నాయన రాసిచ్చినాడా?"

ట్యాంకరు వచ్చి తిరిగిపోయిందన్న మాట వరస మొదటి నుంచి చివరకు పోయేసరికి, గురుస్వామి ఆ నీళ్లను ఎవరి పెళ్లికో మళ్లించాడన్నదాకా పెరిగింది. ఎవరి ఫోన్లు వాళ్లు తీశారు. అందరి దగ్గరా ఉన్నది గురుస్వామి నంబరే.

ఇదంతా దేని గురించో మాలకొండయ్యకు అప్పుడు మెల్లగా ఎక్కింది. బిందె వీపు వెనక దాచుకోబోయాడు. అంత బిందె ఎక్కడ దాగుతుంది? సరిగ్గా అప్పుడే సుధారాణి ప్లాస్టిక్ బకెట్టుతో రొప్పుకుంటూ వచ్చింది.

"బిందె కోసం ఇల్లంతా వెతికినా. నీకాడ ఉందేంది?"

మాలకొండయ్య చెవిలో చెప్పాడు. సుధారాణి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"కుక్కకా?" అంది ఒక్కటే మాట. అది అందరికీ వినిపించింది.

"ఏందీ, కుక్క కోసం కొట్టినాడా?" ఉమ నడుం మీద చెయ్యి వేసింది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినా మామా నేను."

"నా తల చూడు," అంది నురగావిడ. నురగ అప్పటికి ఎండి గట్టిపడింది.

ఇంకా ఏమనేవారో గానీ, మలుపులో ట్యాంకరు హారను మోగింది. గురుస్వామి దిగుతూనే చేతులు జోడించాడు. "అమ్మా, నేను యాడికీ తిరిగిపోలేదు. ఏ పెళ్లికీ పోయలేదు. ఈ రోజు వేరే వీధికి పోవాల్సింది, మీ ఫోన్లకు భయపడి ఇటే తిప్పినా. అన్నం కూడా తినలేదు."

నీళ్లు రాగానే కోపాలు పక్కకు పోయాయి. ట్యాంకరు కింది కొళాయి నుంచి ఎప్పటిలాగే ధార కారుతోంది. ఉమ డ్రమ్ము ఎత్తబోయింది. డ్రమ్ములో నుంచి జున్ను ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చి, ఆ ధార కింద నోరు పెట్టి తాగసాగింది. అందరికంటే ముందొచ్చి, ముందు వరసలోనే పడుకుంది.

మాలకొండయ్యకు ప్రాణం లేచి వచ్చింది. కానీ అదే సమయానికి లింగన్న బండి ఆగింది. వెనక వెదురు బుట్ట కట్టి ఉంది.

"అక్కా, ఇదేనా పిల్ల?" అన్నాడు లింగన్న.

సుధారాణి తలూపింది. అప్పుడే నిండిన బిందెను పక్కన పెట్టి, మొగుడి ముఖం చూడకుండా, "గొలుసు వెయ్యి," అంది.

మాలకొండయ్య జేబులో నుంచి గొలుసు తీసి వంగాడు. ఏ మేక అరిచిందో, జున్ను చటుక్కున తప్పించుకుని రోడ్డు వైపు లగెత్తింది. కంభం వైపు నుంచి లారీ హారను వినిపించింది. మాలకొండయ్య చేతిలో గరిటె ఇంకా ఉంది. బిందె మీద వేశాడు. నిండు బిందె టప్పుమని ఊరుకుంది.

ఐదు రోజులకు వచ్చిన నీళ్లు. అంతమంది ఆడవాళ్లు చూస్తుండగా మాలకొండయ్య ఆ బిందెను ఎత్తి మట్టిలో కుమ్మరించాడు. ఖాళీ బిందెను చేత్తో వేలాడదీసి, ఆఖరి గంట కొట్టినట్టు వాయించాడు.

రోడ్డు అంచున జున్ను ఆగింది. చెవులు రెండూ లేచాయి. వెనక్కి తిరిగి, దుమ్ము లేపుకుంటూ వచ్చి, ఆయన కాళ్ల మధ్య కూర్చుని పైకి చూసింది. లారీ దాటిపోయింది.

మాలకొండయ్య జేబులోని గుడ్డు ముక్క తీశాడు. అది నలిగి పొడైంది. జున్ను అరచేయి మొత్తం నాకింది.

"వేసవి మొదలైనకాడ్నుంచి బిందె మోగితే చాలు," అంది సుధారాణి నిదానంగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "గొలుసుతో సహా నన్ను ఈడికే లాక్కొస్తాది. నీళ్ల కోసం అనుకున్నా గానీ, నేర్పింది నేనేనని తోచలేదు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "బిందె అర్థం దీనిక్కూడా తెలుసు. కాలనీలో నీకొక్కడికే తెల్లేదు."

"ఇప్పుడు తెలిసింది," అన్నాడు మాలకొండయ్య.

ఉమ తన బిందె వంచి ఆయన బిందెలో సగం పోసింది. "ఇంక ఆ గరిటె నీకాడే పెట్టుకో మామా. పేపరేదో ఈడే కూర్చుని చదువుకుంటా, ట్యాంకరు కనపడితే కొట్టు. నీ మాదిరి కొట్టడం మాకెవరికీ రాదు."

"టీ ఎవరిస్తారు?" అన్నాడాయన.

"పాలు పొంగిపోయినాయి. రేపిస్తా."

సుధారాణి కొంగు దులుపుకుంది. "లింగన్నా, ఇంటికి రా. మజ్జిగ తాగి పోదువు."

లింగన్న ఖాళీ బుట్ట వైపు, జున్ను వైపు చూసి నవ్వాడు. మాలకొండయ్య మాత్రం వీధి మలుపు వైపు చూస్తున్నాడు. రెండోసారి మోగిన బిందె విని, స్టేషను వైపు వీధివాళ్లు డ్రమ్ములు దొర్లించుకుంటూ వస్తున్నారు.

ఆ రోజు నుంచి జున్ను పిలిస్తే వస్తుంది. కాకపోతే దాని వెనక నాలుగు వీధులు కూడా వస్తాయి.

— వెంకటసుబ్బులమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు కంభంలో, చిన్న కూతురి ఇంట్లో ఉంటున్నాను.