ప్రూఫు బల్ల మీద ఎర్ర సున్నా

ఆ రోజు పొద్దున టైపమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదింటికి ప్రెస్సు తలుపు తీయాలి, ఈతకొలను వాళ్ళ నిబంధనల కాగితం ఒకసారి చదవాలి, పదింటికల్లా మెషిను ఎక్కించాలి, నాలుగింటికి కూతురి బడిలో మీటింగుకి వెళ్ళాలి. అంతే. ప్రెస్సులో అందరూ ఆమెను టైపమ్మ అనే పిలుస్తారు. వచ్చిన మేటరంతా కంప్యూటరు ముందు కూర్చుని టైపు కొట్టేది ఆమే. నాలుగు నెలల నుంచి ప్రూఫులు దిద్దడం కూడా ఆమె నెత్తినే పడింది, ఎందుకంటే దిద్దే మాస్టారు పోయారు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు. ముప్పై ఏళ్ళు ఆ ప్రెస్సులో వెనక కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని ఇంగ్లీషు ప్రూఫులు చూసిన మనిషి. తప్పున్న చోట ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు. తప్పేమిటో రాసేవారు కాదు. అడిగితే "వెతుక్కో" అనేవారు, అంతకు మించి నోరు విప్పేవారు కాదు. వయసు మీద పడ్డాక ఆయన సున్నాకి వణుకొచ్చింది. ఎడమ పక్క కింద మొదలై, ఊగుతూ పైకెళ్ళి, చివర కలవకుండా నోరు తెరుచుకుని ఉండేది. వంద కాగితాల్లో పెట్టినా అది ఆయనదేనని చెప్పొచ్చు.

ఆయన పోయాక ఇంగ్లీషు కట్టు తప్పింది. జనం మేటరు ఫోన్లోనే కొట్టి పంపుతున్నారు. మాటల్లో సగం అక్షరాలుండవు, వాక్యం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో రాసినవాడికే తెలియదు. పళ్ళ డాక్టరు కరపత్రంలో నొప్పి లేకుండా పన్ను తీస్తామనే చోట ఇంగ్లీషు "వితౌట్"లో "ఔట్" జారిపోయింది, నొప్పితో తీస్తామని రెండు వేల కాపీలు ఊరంతా తిరిగాయి. ఆ తర్వాత బడివాళ్ళ బహుమతి పత్రాలు వెనక్కి వచ్చాయి. ఓనరు అరవలేదు. మెత్తగా, "ఇంకొక్కటి వెనక్కొస్తే నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారమ్మా" అన్నాడు. మొగుడి కొట్టు మూతపడి ఏడాదైంది. ఇంట్లో ఐదుగురి కడుపు నిండేది ఆ కుర్చీ వల్లే.

అందుకే ఆ పొద్దున ఈతకొలను కాగితం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుదామని వచ్చింది. ముందురోజు సాయంత్రం ప్రూఫు తీసి మాస్టారి బల్ల మీద పెట్టి వెళ్ళింది. వచ్చి చూస్తే కాగితం మీద ఎర్ర సున్నా ఉంది. ఎడమ పక్క కింద మొదలైంది, ఊగుతూ పైకెళ్ళింది, చివర కలవలేదు.

టైపమ్మ చుట్టూ చూసింది. తను లోపలికి తోసి వెళ్ళిన కుర్చీ ఇవతలికి జరిగి ఉంది. బల్ల చుట్టూ నేల తడిగా ఉంది. కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉంది. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని సున్నాలోకి చూసింది. అక్కడ నిజంగానే తప్పుంది.

ఓనరు వచ్చి, "ఇది నువ్వు గీసిందేనా?" అన్నాడు.

"నా దగ్గర ఎర్ర పెన్సిలే లేదండి."

మెషిను నడిపే ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాగితాన్ని ముట్టుకోకుండా మెడ సాచి చూశాడు. "ఇది మాస్టారి చెయ్యి. ఒట్టేసి చెబుతా" అన్నాడు, అని రెండడుగులు వెనక్కేశాడు.

ఓనరు ఎవరినీ వదలకుండా అడిగాడు. పొద్దున్నే ఐదింటికి వెనక తలుపు తీసుకుని వచ్చి, ఊడ్చి తుడిచి, ఎవరూ రాకముందే వెళ్ళిపోయే అవ్వకి కూడా కబురు పంపించి, బల్ల దగ్గరికి ఎవరైనా వచ్చారా అని అడిగించాడు. ఎవరూ రాలేదని, తానొక్కతే ఉన్నానని అవ్వ చెప్పింది. జీతం దగ్గర వేలిముద్ర వేసే మనిషిని ఇంగ్లీషు సంగతి ఇంకేం అడుగుతారు? వదిలేశారు.

మర్నాడు ఇంకో ప్రూఫు మీద సున్నా పడింది. అందులోనూ తప్పుంది. మూడో రోజు మాటల మీద కాకుండా లైన్ల మధ్య ఖాళీ చోట పడింది. అందరూ గుడ్లప్పగించి చూశారు. టైపమ్మ మేటరు తెచ్చి పక్కన పెట్టి చూస్తే, సరిగ్గా అక్కడ ఉండాల్సిన లైను ఒకటి టైపులో ఎగిరిపోయింది. ఆ రోజు నుంచి మెషినాయన తల దువ్వుకుని గానీ బల్ల పక్కగా నడిచేవాడు కాదు. ఖాళీ కుర్చీకి నమస్కారం పెట్టేవాడు. మాస్టారి డొక్కు గొడుగు ఎప్పుడో అడక్కుండా పట్టుకెళ్ళానని, దాన్ని తెచ్చి కుర్చీకి తగిలించాడు. బల్ల సొరుగులో ఎర్ర పెన్సిలు మాత్రం రోజురోజుకీ పొట్టిదవుతోంది.

ఇలాంటి కబురు ప్రెస్సు గోడల మధ్య ఆగుతుందా? వీధి చివర వకీలు అద్దె ఒప్పందం పట్టుకొచ్చాడు. హెడ్మాస్టరమ్మ బడి వార్షిక నివేదిక తెచ్చింది. ఉద్యోగాల దరఖాస్తులు వచ్చాయి. ఒకాయన కాబోయే పెళ్ళానికి రాసిన ఉత్తరం నాలుగు మడతలు పెట్టి తెచ్చి, మాస్టారు తప్ప ఇంకెవరూ చూడకూడదన్నాడు. సాయంత్రం ఐదింటికి బల్ల మీద పెట్టడం, పొద్దున తొమ్మిదింటికి వచ్చి పట్టుకెళ్ళడం. సున్నా పడని కాగితం లేదు. తప్పు లేని సున్నా లేదు.

దాంతో ఊళ్ళో ఇంగ్లీషు బాగుపడాలి కదా. పడలేదు, ఇంకా పాడైంది. ఇదివరకు తెలియక తప్పు రాసేవాళ్ళు, ఇప్పుడు తెలిసినవాళ్ళు కూడా తీరిగ్గా తప్పులు రాసి, మాస్టారు చూసుకుంటారులే అని తెచ్చి పడేస్తున్నారు. టైపమ్మ కూడా అంతే. దబదబా కొట్టేసి, చదవకుండా బల్ల మీద పెట్టి, నాలుగున్నరకే సంచీ సర్దుకునేది. వెనక్కి వచ్చే కాగితం ఒక్కటీ లేదు. చచ్చిపోయిన మనిషి తన కుర్చీ కాపాడుతున్నాడని రోజూ మనసులో ఒక దండం పెట్టుకునేది.

అలాంటి రోజుల్లో ఓనరు తన విజిటింగు కార్డు కొత్తగా వేయించుకుందామని ప్రూఫు తీయించాడు. పొద్దున వచ్చి చూస్తే సున్నా సరిగ్గా ఆయన పేరు చుట్టూ పడింది. మూడుసార్లు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. అంతా బాగానే ఉంది. మెషినాయన ఓదార్పుగా, "తప్పు పేరులో లేకపోతే మనిషిలో ఉందేమో సార్" అన్నాడు.

ఓనరు ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. నెత్తురు తీశారు, గుండెకి తీగలు తగిలించారు, ఊపిరి పీల్చమన్నారు, వదలమన్నారు. ఏమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేదంటే ఆయనకి మరీ భయమేసింది. వారం తిరక్కుండా మెషినాయనే కనిపెట్టాడు. పేరు పక్కన ఓనరు తగిలించుకున్న డిగ్రీ ఆయన చదవలేదు. అప్పటిదాకా ఆ సంగతి ప్రెస్సులో మాస్టారికి ఒక్కరికే తెలుసు.

ఇక ఆ తర్వాత ఓనరు బల్లనడగకుండా పని చేయడం మానేశాడు. బల్ల మీద అంత నమ్మకం కుదిరాక ఆయనకో ఆలోచన వచ్చింది. చదివి దిద్దడానికి మాస్టారున్నారు, జీతం కూడా అడగరు. ఇక టైపు కొట్టడానికి చదువుకున్న మనిషి ఎందుకు? బామ్మర్ది కూతురు చకచకా కొడుతుంది, ఆ పిల్ల చాలు. ఇది మెషినాయనకి చెప్పుకున్నాడు. మెషినాయన నోట్లో నువ్వు గింజ నానదు. సాయంత్రంలోగా టైపమ్మ చెవిలో పడింది: ఆమెను తీసేస్తున్నట్టు ఓనరు స్వయంగా ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు, బల్ల మీద పెట్టాడు, మాస్టారు చూశాక రేపు పొద్దున ఇస్తాడు.

ఆ సాయంత్రం టైపమ్మ ఇంటికెళ్తూ ఒక ఎర్ర పెన్సిలు కొంది. ఆ ఉత్తరమే తప్పని ఓనరు అనుకునేలా, మొత్తానికి ఒక పెద్ద సున్నా చుట్టేయాలి. మాస్టారి పేరు మీద దొంగ సున్నా. ఆయన చూస్తూ ఊరుకుంటారా అని ఒక భయం, చుట్టకపోతే పిల్ల ఫీజు ఎవరు కడతారని ఇంకో భయం.

తెలతెలవారుతుండగా ఆరింటికి ప్రెస్సుకి వచ్చింది. తాళం తీయబోతే తలుపు వెనక నుంచి చప్పుడు వినిపించింది. కాగితం మీద పెన్సిలు గీరుతున్న చప్పుడు. గీరి ఆగుతోంది, మళ్ళీ గీరుతోంది. టైపమ్మ చప్పుడు చేయకుండా తాళం తీసి తలుపు తోసింది. కిటికీ వెలుతురులో మాస్టారి కుర్చీలో ఒక ఆకారం వంగి కూర్చుని ఉంది. తల నిండా తెల్ల జుట్టు, కళ్ళు మూసి ఉన్నాయి, చెయ్యి మాత్రం కదులుతోంది.

పై ప్రాణాలు పైనే పోయేవి, పక్కన నీళ్ళ బకెట్టు కనిపించకపోతే.

"అవ్వా, నువ్వా?"

అవ్వ కళ్ళు తెరిచింది. "నేను కాక ఇంకెవరమ్మా. ఊడవడం, తుడవడం, నీళ్ళు పట్టడం, సున్నాలు చుట్టడం. ఐదేళ్ళ నుంచి ఇదే కదా నా పని."

సంగతంతా అవ్వే చెప్పుకొచ్చింది. మాస్టారికి ఐదేళ్ళ కిందటే కళ్ళు పోయాయట. బయటికి తెలిస్తే ఓనరు పొమ్మంటాడని, పొద్దున్నే కాగితాల మీద సున్నాలు చుట్టి పెట్టమని అవ్వని బతిమాలుకున్నారట.

"ఎక్కడ చుట్టాలో నీకెలా తెలుసు?"

"నాకేం తెలుసు. ఆయన్నీ అదే అడిగాను. ఎక్కడైనా చుట్టు అన్నారు. సున్నా కనిపిస్తే మనిషి ఆగి చూస్తాడు, చూస్తే దొరుకుతుంది అన్నారు. ఆ ఇంగ్లీషు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి, అందుకని మూసుకుని చుడతాను."

"ఆయన పోయారు కదా అవ్వా."

"పోయారు, నెల రోజులు ఏడ్చాను. మానెయ్యమని మాత్రం నాతో ఎవరూ అనలేదమ్మా. నువ్వు మళ్ళీ బల్ల మీద కాగితం పెట్టావు, నేను చుట్టాను."

టైపమ్మకి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ తనని కాపాడింది మాస్టారూ కాదు, అవ్వా కాదు. సున్నా చూసి భయపడి, ఆగి, వెతికి పట్టుకున్నది తన కళ్ళే. తను తెచ్చిన పెన్సిలు సంచీలోంచి తీయలేదు. ఓనరు ఉత్తరం అవ్వ ముందుకి జరిపి, దీని మీద కూడా చుట్టవా అంది.

"అన్నిటి మీదా చుట్టేదే కదా, అడగడమెందుకు" అని అవ్వ కళ్ళు మూసుకుంది.

తొమ్మిదింటికి ఓనరు వచ్చాడు. ఉత్తరం నడిమధ్యలో సున్నా. అద్దాలు పెట్టి చూశాడు, తీసి చూశాడు, కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాడు. బామ్మర్ది కూతురికి ఫోను చేసి చదివి వినిపించాడు. అంతా బ్రహ్మాండంగా ఉంది మామయ్యా అంది ఆ పిల్ల. చివరికి, పైనా కిందా మడిచి, సున్నా ఉన్న ముక్క మాత్రం కనిపించేలా పట్టుకుని టైపమ్మ దగ్గరికి వచ్చాడు.

టైపమ్మ తప్పు చూపించింది. తర్వాత నెమ్మదిగా మడతలు విప్పి, తనని తీసేస్తున్న ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, పదకొండు తప్పులు దిద్ది తిరిగిచ్చింది.

ఓనరు దిద్దుబాట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాడు. "మాస్టారు ఒక్కటే చూపించారు కదమ్మా" అన్నాడు.

"ఆయన ఒక్కటే చూపిస్తారండి. మిగతావి వెతుక్కోవడానికి బతికున్న మనిషి కావాలి."

ఓనరు ఖాళీ కుర్చీ వైపు ఒకసారి, టైపమ్మ వైపు ఒకసారి చూసి, ఉత్తరాన్ని ఎనిమిది ముక్కలు చేశాడు. బామ్మర్దికి ఏం చెప్పుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మోకాళ్ళు సహకరించక అవ్వ పని మానేసింది. ఇప్పుడు సాయంత్రం అందరూ వెళ్ళాక టైపమ్మే కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఊగే చేత్తో సున్నాలు చుడుతుంది. పొద్దున వచ్చి చూస్తే ఒక్కటీ వృథాగా పోయి ఉండదు. ఎవరో వెనక నిలబడి తన చెయ్యి పట్టి నడిపిస్తున్నారని మొదట్లో అనుకునేది. ఒక రోజు ఉండబట్టలేక, సున్నా పడని చోట్లు కూడా కూర్చుని చదివింది. అక్కడా అన్నీ తప్పులే. చెయ్యి ఎవరూ పట్టుకోవడం లేదని తేలిపోయింది. ఊరి ఇంగ్లీషు ఎక్కడికి వచ్చిందంటే, ఇక దాని మీద గురి తప్పడం దయ్యం వల్ల కూడా కాదు.