అబూ గజ్వాన్ కిడ్నీ మంజూరైన వైనం

ఇరాక్‌లోని బస్రా నగరం అష్షార్ బజారులో, అబూ తహ్సీన్ టీ కొట్టు పెద్దలందరికీ ఒక సంతోషవార్త. ఖర్జూరాల వ్యాపారి అబూ గజ్వాన్ ఎడమ కిడ్నీలోంచి మూడో రాయి కూడా క్షేమంగా బయటపడింది. మొదటి రెండూ కొట్లో టీ కాచే సమోవర్ పక్కన గాజుసీసాలో ఇదివరకే కొలువుతీరి ఉన్నాయి. మూడోదానికీ స్థలం కేటాయించారు.

డాక్టరమ్మ మాత్రం సంతోషించలేదు. "టీ మానేసి నీళ్ళు తాగు. నాలుగోది వస్తే ఈ కిడ్నీ దక్కదు" అని మొహం మీదే చెప్పేసింది. అబూ గజ్వాన్ అక్కడికక్కడే తలూపాడు. నొప్పికి నేల మీద పడి దొర్లి, ఎనిమిదిమంది మనవల ఎదుట అమ్మో అని అరిచినవాడు మరి! ఇక టీ ముట్టనని భార్య దగ్గర ఒట్టేశాడు.

"ఏమయ్యా, ఇది మూడో ఒట్టు. దీన్నీ ఆ సీసాలోనే పెట్టించు" అంది ఆ భార్య ఉమ్ గజ్వాన్.

పాపం, అతని తప్పేముంది? బస్రాలో మండుటెండకు విరుగుడు వేడి టీ. ఎవరైనా పంపిన టీ వెనక్కి పంపితే మూడు తరాల పగ. ఎండునిమ్మ కషాయం ఉందిగా అంటారేమో, అది జబ్బుమనుషులు తాగేది. అబూ తహ్సీన్ కొట్లో జబ్బుమనుషులు లేరు, రాళ్ళున్నవాళ్ళే ఉన్నారు.

మూడో రాయి బయటపడ్డందుకు కొట్లో చేసిన సన్మానం నాడు ఇరవైఒక్క బల్లల నుంచి ఇరవైఒక్క టీలు వచ్చాయి. అబూ గజ్వాన్ తెగించి లేచి, "నాకు మంచినీళ్ళు చాలు" అన్నాడు.

డొమినో ఆటలు ఆగిపోయాయి. పెద్దలు పంపిన టీ ముట్టలేదంటే వాళ్ళనడగాల్సిన కోరికేదో మనసులో ఉన్నట్టే, వాళ్ళది తీర్చేదాకా తాగడు. ఇది తాతలనాటి ఆచారం.

తెగ పెద్ద షేక్ ముతష్షర్ భుజాల మీది అబా అంగీ సర్దుకుని లేచాడు. "అబూ గజ్వాన్! నీ గ్లాసు నిండుగా ఉంటే మాకు గొంతు దిగుతుందా? మనవడికి పిల్లనడుగు, పొలమడుగు, నేనున్నా!"

"అవేం వద్దు షేక్. నా కిడ్నీ నాకుంటే అదే పదివేలు" అన్నాడతను ఏడుపుగొంతుతో.

పెద్దలు తలలు దగ్గర పెట్టి పావుగంట చర్చించారు. ఇద్దరు అభ్యంతరం లేవదీసి, బతిమాలగా విరమించుకున్నారు. షేక్ గొంతు సవరించుకున్నాడు.

"మా తెగ తరఫున నీ కిడ్నీ నీకే ఇచ్చేశాం! ఇక దాని జోలికెవరూ రారు. తాగు!"

చప్పట్లు మోగాయి. కోరిక తీరాక కూడా తాగకపోతే ఇచ్చినవాళ్ళకు తల కొట్టేసినట్టే. అబూ గజ్వాన్ కృతజ్ఞతతో ఇరవైఒక్క టీలూ తాగాడు.

నాలుగో రాయి వచ్చినప్పుడు షేక్ చాలా నొచ్చుకున్నాడు. "అంతమంది పెద్దల మాట కూడా లెక్కచెయ్యలేదు, ఏం కిడ్నీ అది!" అన్నాడు. పరామర్శకు ఆస్పత్రికి వెళుతూ పెద్ద ఫ్లాస్కు పట్టుకెళ్ళాడు. రోగికి ఒకటి పోసి, డాక్టరమ్మకూ ఒకటి అందించాడు.

ఆవిడ గ్లాసు వంక చూసింది, షేక్ గడ్డం వంక చూసింది, మూడు తరాల పగ గుర్తుచేసుకుని బిస్మిల్లా అని తాగేసింది.